పికప్ కొనొద్దు, ఫ్యాక్టరీ బండినే రమ్మనండి

మన చిత్తూరు జిల్లాలో మామిడి తోట, తిరుపతిలో ఉద్యోగం రెండూ ఉన్న ఇళ్లల్లో పికప్ మాట గట్టిగా నడుస్తోంది. పొద్దున కొడుకు దాంట్లో డ్యూటీకి పోతాడు, సీజన్లో కాయ తోలుకుంటాం, అవసరమైతే వెనక ట్రాలీ తగిలించుకుంటాం, బాడుగలు మిగులుతాయి అని లెక్క. షోరూమ్ వాళ్లు, ఫైనాన్స్ వాళ్లు ఇదే లెక్కను ఇంకా అందంగా రాసి చూపిస్తారు. నేను చెప్పేది మాత్రం ఒకటే: కొనొద్దు. బండి చెడ్డదని కాదు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ భరించాల్సిన ఖర్చును మన ఇంటి మీద వేసుకునే కాగితానికి మనమే సంతకం పెట్టొద్దని.

2025 జూన్, జూలై నెలలు గుర్తు తెచ్చుకోండి. తోతాపురి కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు ఇవ్వాలన్నారు, ప్రభుత్వం ఇంకో 4 కలుపుతామంది. టన్నున్నర కాయ పికప్‌లో పోసుకుపోతే ఫ్యాక్టరీ నుంచి రావాల్సింది 12,000 రూపాయలు. పది లక్షల అప్పు, 10 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు అయితే నెల కంతు 21,000 దాటుతుంది. దాదాపు రెండు లోడ్ల కాయ ఒక్క కంతుకే సరి. మరి కోత కూలి, మందులు, డీజిలు ఎక్కణ్ణుంచి తేవాలి? కాయ తోలేది రెండు నెలలు, కంతు కట్టేది పన్నెండు నెలలు.

ఆ రెండు నెలలైనా బండి తిరిగిందా? గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు కిలోమీటర్ల కొద్దీ బారులు తీరాయి. రైతులు రోడ్డు మీదే తిని, ట్రాలీల కిందే పడుకున్నారు. కాయ ఎండకు మెత్తబడి, అమ్ముడుపోక, పారబోసుకున్న వాళ్లూ ఉన్నారు. బాడుగ ట్రాక్టరైతే వెయిటింగ్ కట్టాలి, సొంత పికప్ అయితే ఆ బాధ ఉండదు అంటారు. ఎందుకుండదు? బండి గేటు ముందు నిలబడ్డ ప్రతి రోజుకూ కంతు నడుస్తూనే ఉంటుంది. పైగా ఆ రోజుల్లో కొడుకు డ్యూటీకి దేంట్లో పోవాలి? ఒకే బండితో రెండు పనులు అన్న లెక్క సరిగ్గా సీజన్లోనే తప్పుతుంది. ఏడాది పొడవునా మదనపల్లె మార్కెట్‌కు టమాటా తోలేవాళ్లకు పికప్ బతుకుదెరువు. ఈ మాట వాళ్లకు కాదు.

మామూలు పికప్ సరుకు బండి. పసుపు ప్లేటు, ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటేటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్). డ్రైవరు పక్కన ఒకరో ఇద్దరో కూర్చుంటే సీటు అయిపోయింది. ఇక ఇంటివాళ్లూ, కోతకొచ్చే ఆడకూలీలూ వెనక తొట్టిలోకే. చట్టం ఒప్పుకోదు సరే, బండి బోల్తా పడితే వాళ్ల ప్రాణాలకు దిక్కేది? ఐదుగురు కూర్చునే పికప్‌ను మన శ్రీసిటీలోనే ఇసుజు వాళ్లు 2016 నుంచి తయారు చేస్తున్నారు. వీ-క్రాస్ అనే ఆ బండి పొడవు ఐదు మీటర్ల పైన, ధర పాతిక లక్షల మాట. కిలో 8 రూపాయల కాయ అమ్మి దాన్ని కొనగలిగే రైతు ఎక్కడున్నాడు?

ట్రాలీ సంగతి ఇంకా ప్రమాదం. చట్టం లెక్కలో ట్రైలర్ కూడా మోటారు వాహనమే, దానికి రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ వేరే ఉండాలి. వెల్డింగ్ షాపులో కొక్కెం పెట్టించుకుని, ట్రాక్టర్ ట్రాలీని పికప్‌కు తగిలించి భాకరాపేట ఘాట్ దిగుతామంటే, వెనక నుంచి తోసే బరువును ఆ బ్రేకులు ఆపలేవు.

ఇదే జిల్లాలో పాలు ఎట్లా పోతున్నాయో చూడండి. రెండు ఆవులున్న ఇల్లు పాలు తోలడానికి వ్యాను కొనుక్కుందా? ఊళ్లో కేంద్రం దగ్గర పోస్తే డెయిరీ బండే వచ్చి తీసుకుపోతుంది. చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడ్డా ప్రైవేటు డెయిరీలు ఆ పద్ధతి వదల్లేదు. కొన్న పాలు విరిగితే నష్టం తమదని వాళ్లకు తెలుసు. మామిడి గేటు బయట కుళ్లితే నష్టమంతా రైతుదే, అందుకే ఫ్యాక్టరీకి తొందర లేదు. ఆ నష్టాన్ని రోజుకింతని ఫ్యాక్టరీ మీద వేసి చూడండి, క్యూ ఎంత తొందరగా కదులుతుందో!

ధర మాట్లాడటానికి కలెక్టరాఫీసులో ఫ్యాక్టరీల వాళ్లతో మీటింగు పెడతారు కదా, అక్కడే ఈ షరతులు కూడా రాయించుకోవాలి. కాయ తోలడానికి ఇచ్చే టోకెన్ మీద తేదీతో పాటు గంట కూడా ఉండాలి. ఆ గంట దాటితే బండి వెయిటింగ్ ఫ్యాక్టరీ కట్టాలి. ఊరి దగ్గర కాయ కొనే ర్యాంపులోనే తూకం వేసుకుని, అక్కణ్ణుంచి మోత ఖర్చు ఫ్యాక్టరీయే భరించాలి. కొడుకు డ్యూటీకి కావాల్సింది షిఫ్టు టైముకు పల్లెకొచ్చే బస్సు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం చేశారు, మంచిదే. ఆ బస్సు పూతలపట్టు, పాకాల పక్క పల్లెల్లోకి పొద్దున్నే రావాలని కూడా అడగాలి.

డౌన్ పేమెంట్ డబ్బు బ్యాంకులోనే ఉండనీయండి. షోరూమ్‌కు పోదామనుకున్న రోజు, తోట ఉన్న ప్రతి ఇంటి నుంచీ ఒక మనిషి కలెక్టరాఫీసుకు పోదాం.