జమాఖర్చుల చిట్టాని సినిమా తీయొచ్చా?

"పుస్తకం బాగుంది, సినిమా చెత్త" అనెయ్యడం చాలా తేలిక. ఎక్కడ చెడింది బాబూ అని అడిగితే మాత్రం నీళ్ళు నములుతాం. జాన్ గ్రిషమ్ రాసిన 'స్కిప్పింగ్ క్రిస్మస్' విషయంలో నేనూ చాలా ఏళ్ళు ఇలాగే నీళ్ళు నమిలాను. మొన్న డిసెంబర్ సెలవుల్లో నవల, సినిమా రెండూ వరసగా ముందేసుకుని కూర్చుంటే గానీ సంగతి బోధపడలేదు.

కోర్టు కథల గ్రిషమ్ 2001లో రాసిన చిన్న హాస్య నవల ఇది. రెండొందల పేజీలు కూడా ఉండదు. లూథర్ క్రాంక్ పన్నుల లెక్కలు చూసే అకౌంటెంటు. ఒక్కగానొక్క కూతురు పీస్ కోర్ ఉద్యోగం మీద పెరూ వెళ్ళిపోయింది. ఇల్లు బోసిపోయింది. ఈయన కాగితం, పెన్సిలు తీసి కిందటేడాది క్రిస్మస్ ఖర్చు కూడితే 6,100 డాలర్లు తేలింది. అందులో సగం పెడితే మొగుడూ పెళ్ళాం ఓడెక్కి కరీబియన్ తిరిగి రావచ్చు. ఇంకేం, ఈ ఏడు పండగ లేదు! చెట్టు లేదు, విందు లేదు, వీధిలో అందరి ఇంటికప్పుల మీదా నిలబెట్టే మంచుబొమ్మ ఫ్రాస్టీ కూడా లేదు. వీధి వీధంతా పగబట్టేస్తుంది. తీరా పండగ ముందురోజు కూతురి దగ్గర్నుంచి ఫోన్, కాబోయే మొగుణ్ణి వెంటబెట్టుకుని వచ్చేస్తున్నానని.

ఈ కథలో హాస్యం ఎక్కడుందంటారు? నన్నడిగితే ఆ 6,100లో ఉంది. లూథర్ మనలాంటివాడు. దేన్నైనా నిలువు గళ్ళు, అడ్డ గళ్ళు గీసి తేల్చెయ్యొచ్చనుకునే రకం.

ఈయన్ని చూసి నేను నవ్వలేకపోవడానికి ఓ కారణం ఉంది. అమెరికా వచ్చిన రెండో ఏడు సంక్రాంతికి ఇంటికి వెళ్ళాలా వద్దా అని ఎక్సెల్ తెరిచాను. టికెట్టు, సెలవులకి పోయే జీతం, అందరికీ కొనాల్సిన సామాన్లు, అన్నీ వేశాను. మొత్తం చూసి గుండె గుభేల్మంది. ఫోన్ చేసి "ఈసారికి రాలేనమ్మా, మార్చిలో వస్తా, చవక" అన్నాను. "సర్లే నాన్నా, నీ వీలు చూసుకో" అంది అమ్మ. ఆ మార్చిలో వెళ్తే డబ్బా అడుగున సంక్రాంతి అరిసెలు! నా వాటా తీసి పెట్టిందట. రాయిలా ఉన్నాయి. నా షీటులో ఆ కాలమ్ లేదు. నవలలో లూథర్‌కి జరిగింది కూడా సరిగ్గా ఇదే.

ఇప్పుడు సినిమా సంగతి. స్క్రీన్‌ప్లే రాసింది 'హోమ్ అలోన్' తీసిన క్రిస్ కొలంబస్. దర్శకుడు జో రాత్. టిమ్ ఆలెన్, జేమీ లీ కర్టిస్ జంట. లాస్ ఏంజెలెస్ పక్కన డౌనీలో, ఒకప్పుడు అపోలో నౌకలు తయారైన ఫ్యాక్టరీ స్థలంలో, వీధి మొత్తం సెట్ వేశారు. అదే 2004లో 'సర్వైవింగ్ క్రిస్మస్' అని ఇంకో సినిమా వస్తుండటంతో జనం తికమకపడతారని పేరు కూడా మార్చేశారు. అంతా పద్ధతిగానే చేశారన్నమాట. మన భాషలో చెప్పాలంటే ఫంక్షనాలిటీ మొత్తం పోర్ట్ అయింది, టెస్ట్ కేసులన్నీ పాస్. యూజర్ మాత్రం "ఇది నా అప్లికేషన్ కాదు" అంటాడు.

ఎందుకంటే లూథర్ లెక్క వేసుకోవడాన్ని కెమెరా చూపించలేదు. ఎంత చూపించినా ఒకాయన కాగితం మీద గీకడమే కనబడుతుంది. ఇంకో చిక్కేంటంటే, పండగ సినిమాకి థియేటర్లో ఆయుష్షు నాలుగైదు వారాలు. ఆలోపు పిల్లాజెల్లాతో సహా అందరూ రావాలి. ఆరేళ్ళవాడికి పన్నుల అకౌంటెంటు వ్యంగ్యం ఎక్కదు, పడితే నవ్వుతాడు. అందుకని పడెయ్యడం మొదలెట్టారు. లూథర్ ఇంటికప్పు మీంచి జారి వేలాడ్డం నవల్లోనూ ఉంది. అక్కడ నవ్వొచ్చేది, తను కాదు పొమ్మన్న వీధి జనమంతా కింద నిలబడి చూస్తున్నందుకు. సినిమాలో పడ్డందుకు నవ్వాలి. సంఘటన అదే, నవ్వు వేరు.

ఏమాటకామాట చెప్పుకోవాలి. ఎదురింటి ముసలి దంపతుల ఘట్టం సినిమాలోనూ బాగుంది. ఆవిడకి కేన్సర్, బహుశా ఇదే ఆఖరి పండగ. లూథర్ తన ఓడ టికెట్లు పట్టుకెళ్ళి వాళ్ళ చేతిలో పెడతాడు. దీనికి రచయిత గొంతుతో పని లేదు. ముగ్గురు మనుషులు, ఒక గుమ్మం ఉంటే చాలు. కెమెరా అందుకోగలిగింది అదొక్కటేనేమో.

విమర్శకులు సినిమాని చీల్చి చెండాడారు. అయినా ఒక్క అమెరికాలోనే 7 కోట్ల డాలర్లు దాటింది. కాబట్టి నిర్మాతల లెక్క తప్పలేదు.

నవలని సినిమా తీస్తే నవ్వు చచ్చిపోతుందని నేననడం లేదు. మల్లాది వెంకటకృష్ణమూర్తి 'చంటబ్బాయి'ని 1986లో జంధ్యాల తీయలేదూ? అక్కడ నవ్వు మాటల్లో ఉంది, తీసినాయన మాటల మనిషి. అసలు ప్రశ్న అదే. తీసేముందు కథ ఏంటని కాదు, నవ్వు ఎక్కడుందని అడగాలి.

నవల ముగిశాక కూడా లూథర్ మనసులో "వచ్చే ఏడు చూద్దాం" అనే దురద మిగిలే ఉంటుంది. సినిమా చూశాక నాకా అనుమానం మిగల్లేదు, బుద్ధిగా మారిపోయాడనిపించింది. నాకు మొదటి లూథరే నిజం మనిషి. అరిసెల తర్వాత కూడా నేను ఎక్సెల్ మానలేదు మరి. కాకపోతే ఇప్పుడు ఆ షీటులో ఒక కాలమ్ ఖాళీగా వదిలేస్తున్నాను.