అమ్మీ ఘుట్నాలకి సబర్ ఇలాజ్ కాదు

మా అబ్బాకి గుండెలో బ్లాకులు ఉన్నాయని తెలిసిన నాలుగో రోజుకి బైపాస్ అయిపోయింది. చాచాలు, మామూజాన్, దుబాయిలో ఉన్న తమ్ముడు, అందరూ ఫోన్ల మీదే డబ్బు జమ చేశారు. "ఈ ఉమర్‌లో ఆపరేషన్ ఎందుకు" అని ఒక్కరూ అనలేదు. అబ్బాకి అప్పుడు డెబ్భై. మా అమ్మీ ఘుట్నాలు అరిగిపోయాయని డాక్టర్ సాబ్ ఎక్స్‌రే పెట్టి చూపించినప్పుడు ఆమెకి యాభై తొమ్మిది. ఆపరేషన్ అయింది అరవై ఏడో ఏట. మధ్యలో పోయిన ఎనిమిదేళ్ళకి హిసాబ్ ఎవరు చెప్తారు? చెప్పాల్సిన వాళ్ళలో మొదటివాణ్ణి నేనే కాబట్టి ఇది రాస్తున్నాను.

ఆ ఎనిమిదేళ్ళలో మా ఇంట్లో రెండు షాదీలు జరిగాయి. ఒక వలీమాలో ఏడొందల మందికి బిర్యానీ. మేడ మీద కొత్త గది లేచింది. అమ్మీని ఉమ్రాకి తీసుకెళ్ళాం, చూసినవాళ్ళంతా మాషా అల్లాహ్ అన్నారు. అక్కడ తవాఫ్ వీల్‌చెయిర్‌లో చేసింది. సఫా మర్వాల మధ్య ఆ కుర్చీ తోసినవాడికి రియాళ్ళు నేనే లెక్కపెట్టి ఇచ్చాను. తిరిగొచ్చాక ఒక రాత్రి అంది: "అల్లా కే ఘర్ మే బీ మై అప్నే పావాఁ పో నై చలీ బేటా." ఆమె మాటలో షికాయత్ లేదు. అదే నన్ను ఎక్కువ కోసింది. మేము ముగ్గురం కలిసి ఉమ్రాకి పెట్టిన రకంతో ముందే ఒక ఘుట్నా అయిపోయేది.

మన ఇళ్ళలో ఆడవాళ్ళ నొప్పికి ఒకే మందు రాస్తాం: సబర్ కరో అమ్మా. నేను ఉర్దూ మీడియంలో చదివాను. సబర్ అంటే గట్టిగా నిలబడటం అని మా ఉస్తాద్ చెప్పిన మానీ ఇప్పటికీ గుర్తుంది. నిలబడలేని మనిషికి నిలబడమని చెప్పి మనం చేతులు దులుపుకుంటున్నాం. ఇలాజ్ చేయించుకోమని రసూల్ సల్లల్లాహు అలైహి వసల్లమ్ స్వయంగా చెప్పిన సంగతి అబ్బా బైపాస్ రోజున అందరికీ యాద్ వచ్చింది. అమ్మీ దగ్గరికొచ్చేసరికి తకదీర్ ఒక్కటే యాద్ వచ్చింది.

సబర్ చేసింది అంటున్నామే, ఆమె ఊరికే కూర్చోలేదు. మెడికల్ షాపు నుంచి నొప్పి గోళీలు తెప్పించుకుని, చీటీ లేకుండా, ఏళ్ళ తరబడి మింగింది. అవి నొప్పిని దాస్తాయి, అరుగుదలని ఆపవు. కడుపులో పుండ్లు చేస్తాయి, గుర్దాలని దెబ్బతీస్తాయి. షుగర్, బీపీ ఉన్న మనిషికి మరీ ఖతర్నాక్. పహిల్వాన్ కట్టు కట్టించాం. ఎవరో చెప్పిన నూనె రాశాం. కీలు మధ్యలో ఉండే మెత్తటి గుజ్జు పోయి ఎముక మీద ఎముక రాసుకుంటుంటే పైన ఏ నూనె రాస్తే ఏం లాభం?

"ఘుట్నా మొత్తం కోసి పారేసి రబ్బర్‌ది పెడతారంట" అని మా ఖాలా ఖాందాన్ అంతటికీ ప్రచారం చేసింది. అట్లాంటిదేమీ లేదు. తొడ ఎముక చివర, కింది కాలి ఎముక పైభాగం, ఈ రెండింటి మీదా పాడైన పొరని కొన్ని మిల్లీమీటర్ల మందం చెక్కేస్తారు. అరిగిన పన్ను మీద క్యాప్ తొడిగినట్టు వాటి మీద లోహం తొడుగుతారు. మధ్యలో గట్టి ప్లాస్టిక్ పలక. నరాలు, కండరాలు అన్నీ మనవే ఉంటాయి. ఎక్కువగా నడుముకి మత్తు ఇచ్చే చేస్తారు. మరుసటి రోజుకే వాకర్ పట్టించి నిలబెడతారు. సరిగా కుదిరిన కీలు చాలామందికి పదిహేను, ఇరవై ఏళ్ళు పనిచేస్తుంది.

ఖర్చు మాట. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ల ధరకి పగ్గం వేసింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పుడు పెట్టిన హద్దు 54,720 రూపాయలు, పైన పన్ను. అంతకుముందు అదే సామానుకి లక్షన్నర దాకా గుంజేవాళ్ళు. ఆస్పత్రి ఖర్చు వేరే ఉంటుంది, నిజమే. కానీ బిల్లులో ఇంప్లాంట్ ధర విడిగా రాయమని అడగండి. అడిగితే షర్మ్ అనుకోకండి. షాదీఖానా వాడి దగ్గర కుర్చీల కిరాయికి గంటసేపు బేరం ఆడతాం కదా.

అందరికీ కోత అవసరమని నేను అనడం లేదు. బరువు తగ్గి, తొడ కండరాలకి రోజూ కస్రత్ చేసి నెట్టుకొచ్చేవాళ్ళు ఉన్నారు. రెండు ఘుట్నాలూ ఒకేసారి చేస్తాం, ప్యాకేజీ ఉంది అని తొందరపెట్టే చోట ఒక్క నిమిషం ఆగి ఇంకో డాక్టర్ని అడగాలి. ఇన్ఫెక్షన్, కాలి నరంలో రక్తం గడ్డకట్టడం, ఈ రెండూ నిజమైన ఖత్రాలే. మా డాక్టర్ అయితే అమ్మీ షుగర్ దిగేదాకా తారీఖే ఇవ్వలేదు. రెండు నెలలు తిప్పాడు. అప్పుడు తిట్టుకున్నాను, ఇప్పుడు దువా ఇస్తున్నాను.

ఇక అసలు భయం. "ఆపరేషన్ అయితే సజ్దా పోతుంది" అని ఆపాలు, ఫుప్పూలు కళ్ళనీళ్ళు పెట్టుకుని చెప్తారు. అమ్మీ ఎనిమిదేళ్ళు ఆగింది ఎక్కువగా ఈ మాటకే. కానీ ఆ ఎనిమిదేళ్ళూ ఆమె కుర్చీలో కూర్చునే నమాజ్ చదివింది! పోవడానికి అక్కడ సజ్దా ఎక్కడుంది? జబ్బు పడ్డ సహాబీ ఇమ్రాన్ బిన్ హుసైన్ అడిగితే నిలబడి, వల్లకాకపోతే కూర్చుని, అదీ కాకపోతే పక్కకి పడుకుని చదవమని హుజూర్ చెప్పారన్న హదీస్ మన మద్రసా పిల్లలకి కూడా తెలుసు. కొత్త ఘుట్నా మీద మోకరిల్లడం చాలామందికి ఇబ్బందిగానే ఉంటుంది, గాటు పక్కన తిమ్మిరిగా ఉంటుంది. కానీ అమ్మీ ఇప్పుడు వజూకి తన కాళ్ళ మీద తను వెళ్తుంది. నిరుడు వజూ నీళ్ళు మా కోడలు మంచం దగ్గరికి తెచ్చేది.

ఆపరేషన్ తర్వాత మేము చేసిన జులుమ్ ఇంకోటి ఉంది. మిజాజ్ పుర్సీకి వచ్చినవాళ్ళంతా ఒకటే పాట: "ఆరామ్ కరో, పావ్ హిలావ్ నక్కో." ప్రేమతో ఘుట్నా కింద మెత్తటి దిండు పెట్టారు. అదే పెద్ద తప్పు. దిండు మీద వంగి ఉండిపోతే కాలు మళ్ళీ తిన్నగా చాపడం రాదు. కావాలంటే మడమ కింద పెట్టాలి. మొదటి ఆరు వారాలు ఎంత వంచితే, ఎంత చాపితే అంత మన సొంతం అవుతుంది. కుర్చీలోంచి హాయిగా లేవాలన్నా తొంభై డిగ్రీల దాకా వంగాలి. అమ్మీది మూడో వారానికి అరవై దగ్గరే ఆగిపోయింది. ఇట్లాగే బిగుసుకుపోతే మళ్ళీ మత్తిచ్చి వంచాల్సి వస్తుందని డాక్టర్ కోప్పడ్డాడు.

ఎందుకు ఆగిందంటే, ఫిజియోథెరపీకి ఇంటికి వచ్చిన కుర్రాణ్ణి మా పెద్దాయన ఒకరు గుమ్మంలోంచే పంపేశాడు. గైర్ మహ్రమ్ కాలు పట్టుకుంటాడా అని. మరి కోసిన సర్జన్ ఎవరు? అక్కడ మజ్బూరీ, ఇక్కడ బేహయాయీనా? పర్దా కావాలంటే తప్పకుండా కావాలి, ఆడ ఫిజియోథెరపిస్టులు ఊళ్ళో ఉన్నారు. రెండు ఫోన్లు చేస్తే నాకు దొరికింది. ఆ పెద్దాయన ఒక్క ఫోన్ కూడా చేయలేదు. ఆ అమ్మాయి వచ్చి వంచుతుంటే అమ్మీ దుపట్టా పళ్ళ మధ్య పెట్టుకుని అరిచింది. నేను వరండాలోకి పారిపోయాను. రోజుకి మూడుసార్లు, ఐస్ పెట్టి, గోళీ వేసి, మళ్ళీ వంచి. రెండు నెలలకి నూట అయిదు.

ఇంట్లో మార్చాల్సినవి కొన్ని ఆస్పత్రికి పోకముందే మార్చాలి. కమోడ్ పెట్టించాం, గోడకి పట్టుకునే రాడ్డు, నల్లా దగ్గర స్టూలు. దస్తర్ఖాన్ ఇప్పుడు బల్ల మీదే పరుస్తున్నాం, అందరికీ. అమ్మీ ఒక్కతే కుర్చీలో, మిగతా వాళ్ళం కింద కూర్చుంటే ఆమె సగం అన్నంలోనే లేచిపోయేది.

రెండో ఘుట్నా బక్రీద్ తర్వాత. ఈసారి తారీఖ్ అమ్మీయే అడిగి వేయించుకుంది. ఆ వారంలోనే మా చెల్లెలి కూతురి మంగ్నీ పెట్టుకుందామని కబురొచ్చింది. ఆపరేషన్ వెనక్కి జరపమన్నారు. మంగ్నీయే జరిగింది, నెల వెనక్కి.