హాస్టల్లో చదివినవాళ్లే వార్డెన్లు కావాలి



హాస్టల్లో ఉండే పిల్లల్ని "చదువైపోయాక ఏమవుతారు?" అని అడిగి చూడండి. కలెక్టర్ అవుతామంటారు, డాక్టర్ అవుతామంటారు, ఎస్సై అవుతామంటారు. సాఫ్ట్‌వేర్ అనేవాళ్లకు లెక్కే లేదు. వార్డెన్ అవుతానని చెప్పిన పిల్లవాణ్ణి మాత్రం మేము ఇంతవరకు చూడలేదు. ఏళ్ల తరబడి రోజూ కళ్లెదుట ఉండే ఉద్యోగం అది. అయినా ఎవరికీ వద్దు.

మేము మదనపల్లె, పుంగనూరు, కుప్పం హాస్టళ్లలో ట్రంకు పెట్టెతో చేరి, చదువుకుని బయటికొచ్చినవాళ్లం. మాలో టీచర్లున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు, బెంగళూరు కంపెనీల్లో పనిచేసేవాళ్లున్నారు. ఈ వార్షికోత్సవ సంచిక ద్వారా మేము చెప్పదలచుకున్నది ఒకటే మాట. హాస్టల్లో పెరిగినవాళ్లు కొందరైనా హాస్టల్ నడిపే పనిని తమ వృత్తిగా ఎంచుకోవాలి. ప్రీ మెట్రిక్ హాస్టల్ నుంచి విశ్వవిద్యాలయ హాస్టల్ దాకా ఈ పని తెలిసినవాళ్లు లేకనే మన పిల్లల చదువులు మధ్యలో ఆగిపోతున్నాయి.

బిల్లుల్లో కనపడని పని

వార్డెన్ అంటే బియ్యం మూటలు, పప్పు లెక్కలు, హాజరు పట్టీ అని లోకం అనుకుంటుంది. అవీ ఉంటాయి. కానీ అసలు పని వేరు. కొత్తగా చేరిన చిన్న పిల్లవాడు మొదటి వారమంతా దుప్పటి ముసుగేసుకుని ఏడుస్తాడు. వాడి పక్కన ఎవరిని పడుకోబెట్టాలో తెలియాలి. గజ్జి ఒకరికి వచ్చినప్పుడే కనిపెట్టకపోతే గది మొత్తానికి అంటుకుంటుంది. మన పడమటి మండలాల్లో వానలు మొహం చాటేస్తే తల్లిదండ్రులు బెంగళూరుకు బేల్దారి పనికి పోతారు. సంక్రాంతి సెలవులకు అందరి పిల్లల కోసం ఎవరో ఒకరు వస్తారు, వీళ్ల పిల్లల కోసం రారు. సాయంత్రం దాకా గేటు పట్టుకుని నిలబడిన ఆ పిల్లవాణ్ణి ఏమని లోపలికి పిలవాలి? వారం సెలవు మీద ఊరికి పోయిన పదో తరగతి ఆడపిల్ల మూడు వారాలైనా తిరిగి రాలేదంటే, పెళ్లి మాటలేమోనని అనుమానం రావాలి. ఆ రోజే బస్సెక్కి ఆ ఊరికి పోవాలి. ఇవేవీ డైట్ బిల్లుల్లో రాయరు.

మాలో ఒకరికి ఎనిమిదో తరగతిలో ఉండగా అర్ధరాత్రి జ్వరం తలకెక్కి మాట తడబడింది. వార్డెన్ గారు ఊళ్లో తన ఇంట్లో ఉన్నారు. సెల్‌ఫోన్లు లేని రోజులు. వంట మనిషి, వాచ్‌మన్ కలిసి సైకిల్ మీద కూర్చోబెట్టి ఆస్పత్రి దాకా తోసుకుపోయారు. అది ఏ హాస్టల్ అనేది ఇక్కడ అనవసరం. ఇలాంటి కథ హాస్టల్లో చదివిన చాలామంది దగ్గర ఒకటి ఉంటుంది.

ఇంకొక వార్డెన్ గారి సంగతి కూడా చెప్పాలి. ఆయన స్వయంగా హాస్టల్లో చదివినవారు. రాత్రి భోజనాలయ్యాక గది గదీ తిరిగేవారు. అన్నం సగంలో వదిలేసి లేచిందెవరో అడక్కుండానే పట్టుకునేవారు. "నేనూ ఇట్లే ఏడ్చినానప్పా, చెప్పు" అని పక్కన కూర్చునేవారు. ఆయన ఉన్న రెండేళ్లలో మా గదిలో చదువు మానేసి పోయినవాడు ఒక్కడు లేడు.

తప్పంతా వార్డెన్లదే అనడం కూడా అన్యాయం. ఒక్కరికే రెండు మూడు హాస్టళ్ల ఇన్‌చార్జి ఇస్తే ఆ మనిషి ఏ హాస్టల్లో నిద్రపోవాలి? బిల్లులు సకాలంలో రాకపోతే కిరాణా కొట్టులో అప్పు ఎవరి పేరున రాయించాలి? ఉద్యోగానికి బీఈడీ అడుగుతారు. బీఈడీలో పాఠం చెప్పడం నేర్పుతారు గాని, రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారే దాకా వందమంది పిల్లలకు పెద్దదిక్కుగా ఉండడం ఎవరూ నేర్పరు.

పెద్దలు చేసిన పని

ఇది చిన్న పని అనుకునేవాళ్లు చరిత్ర చూడాలి. కొల్హాపూర్‌లో సాహూ మహరాజ్ 1901 నుంచి కులకులానికీ విద్యార్థి వసతి గృహాలు తెరిపించారు. డాక్టర్ అంబేద్కర్ 1924లో బహిష్కృత హితకారిణి సభ పెట్టాక తొలి పనుల్లో ఒకటి 1925 జనవరిలో షోలాపూర్‌లో హాస్టల్ ప్రారంభించడం. బడి పెట్టడం కంటే ముందు, బడికి వచ్చే పిల్లవాడికి తలదాచుకునే చోటు కావాలని ఆయనకు తెలుసు. హైదరాబాద్ రెడ్డి హాస్టల్ బాధ్యత మోసినవారు గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి. మన రాష్ట్రంలో సాంఘిక సంక్షేమ శాఖను చూసిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ పేరు పాత హాస్టల్ విద్యార్థులు ఇప్పటికీ చేతులెత్తి తలుచుకుంటారు.

అంత దూరం ఎందుకు? మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఆ ఊరికి దగ్గరలోనే నెలకొల్పిన రిషి వ్యాలీ పాఠశాలలో పిల్లలు ఇళ్ల వారీగా ఉంటారు. ఒక్కో ఇంట్లో కొద్దిమంది పిల్లలు, వాళ్లతో పాటే నివసించే ఉపాధ్యాయులు. వారిని హౌస్ పేరెంట్స్ అంటారు. ఫీజు కట్టగలిగిన ఇంటి పిల్లలకు చదువుతో పాటు తల్లిదండ్రుల్లాంటి మనిషి అవసరమని అక్కడ గుర్తించారు. అదే తాలూకాలో కూలివాళ్ల పిల్లలకు ఆ అవసరం లేదా? నిజానికి మన పిల్లలకే ఎక్కువ.

విశ్వవిద్యాలయంలోనూ అదే లోటు

పదో తరగతితో ఈ కథ ముగియదు. కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వచ్చింది. మన ఊళ్ల నుంచి తిరుపతికి, హైదరాబాద్‌కు పీజీలకు, పరిశోధనకు వెళ్లేవాళ్లు పెరిగారు. కానీ విశ్వవిద్యాలయాల్లో వార్డెన్ పని చాలాచోట్ల ప్రొఫెసర్ గారికి అదనపు బాధ్యత. పాఠాలు, పరిశోధన పోగా మిగిలిన సమయం హాస్టల్‌ది. ర్యాగింగ్ నివారణకు యూజీసీ 2009లో తెచ్చిన నిబంధనలు మాత్రం వేరే మాట చెబుతున్నాయి. వార్డెన్ పూర్తికాలం పనిచేయాలి, హాస్టల్లోనో దాని పక్కనో నివసించాలి, ఏ వేళలోనైనా అందుబాటులో ఉండాలి, క్రమశిక్షణతో పాటు యువతతో మాట్లాడి ధైర్యం చెప్పే నేర్పు ఉండాలి అని అందులో రాసి ఉంది.

హాస్టల్ గది పోతే మన విద్యార్థికి ఏమవుతుందో 2015 డిసెంబరులో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చూశాం. అయిదుగురు పరిశోధక విద్యార్థులను హాస్టల్ నుంచి బయటికి పంపారు. వాళ్లు ప్రాంగణంలోనే గుడారం వేసుకుని ఉన్నారు. వారిలో ఒకరైన రోహిత్ వేముల 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. విశాఖపట్నంలో 2023లో చనిపోయిన ఒక నీట్ విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు చెబుతూ, వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన కౌన్సిలర్ గాని, సైకాలజిస్టు గాని, సామాజిక కార్యకర్త గాని ఒక్కరైనా ఉండాలని ఆదేశించింది. అంటే ఈ పనికి మనుషులు కావాలి. ఆ మనుషులు ఎక్కణ్ణుంచి వస్తారు?

మన దగ్గర్నుంచే రావాలి. దారులు ఉన్నాయి. డిగ్రీ, బీఈడీ ఉంటే హాస్టల్ వెల్ఫేర్ ఆఫీసర్ పరీక్ష రాయవచ్చు. తెలంగాణలో 2022 డిసెంబరులో వార్డెన్, మేట్రన్ పోస్టులు కలిపి 581కి ప్రకటన వచ్చింది. ఎంఎస్‌డబ్ల్యూ కోర్సు విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ, తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనూ ఉంది. కుప్పంలో రైలెక్కితే చేరుకునే బెంగళూరులోనే నిమ్హాన్స్ ఉంది, మానసిక ఆరోగ్యంలో సామాజిక సేవ అక్కడ ప్రత్యేకంగా నేర్పుతారు. అమెరికాలోనైతే విశ్వవిద్యాలయ హాస్టల్ జీవితాన్ని చూసుకోవడం పీజీ చదివి చేసే ప్రత్యేక వృత్తి. సీనియర్ విద్యార్థులనే రెసిడెంట్ అసిస్టెంట్లుగా పెట్టుకుని ఉచితంగా గది ఇస్తారు. అక్కడ చదువుకునే మన తెలుగు పిల్లలకూ ఇది తెలిసిన సంగతే.

"ఇన్నేళ్లు హాస్టల్ అన్నం తిన్నది చాలదా, మళ్లీ హాస్టలేనా?" అని ఇంట్లో అంటారు. "వార్డెన్ అంటే తినేవాడు" అని బంధువులు నవ్వుతారు. ఆ పేరు పోవాలంటే ఆ కుర్చీలో వేరే మనిషి కూర్చోవాలి. అయితే హాస్టల్లో చదివిన ప్రతివాడూ మంచి వార్డెన్ అవుతాడని మేము అనడం లేదు. "మేము తినలేదా దెబ్బలు, మేము తాగలేదా నీళ్ల చారు" అనేవాడు చేరితే మరీ ప్రమాదం. అనుభవానికి తోడు శిక్షణ కావాలి.

అందుకే ప్రభుత్వాన్ని మేము కోరేది మూడు. ఒక హాస్టల్‌కు ఒకే వార్డెన్, వారికి హాస్టల్ ఆవరణలోనే క్వార్టర్. ఉద్యోగంలో చేరేముందు పిల్లల ఆరోగ్యం, కౌమార దశ, కౌన్సెలింగ్, 2012 నాటి పోక్సో చట్టం మీద శిక్షణ. విశ్వవిద్యాలయాల్లో హాస్టల్ పనికి విడిగా పోస్టులు.

ఇక తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నవాళ్లు గ్రూప్స్ పుస్తకాల పక్కన ఈ పరీక్ష సిలబస్ కూడా పెట్టుకోండి. ఇప్పుడు హాస్టల్లో ఉన్న పెద్ద తరగతుల వాళ్లు ఈ రాత్రే కొత్తగా చేరిన పిల్లల గదికి ఒకసారి వెళ్లి రండి. ఆ పని మీకు నచ్చితే, ఆ తర్వాత కావలసిన పుస్తకాలు, ఫీజులు, దారి చూపడం మా పూర్వ విద్యార్థుల బాధ్యత. వార్షికోత్సవానికి మేమంతా వస్తున్నాం. మొహమాటపడకుండా వచ్చి అడగండి.