చందా ఒకచోట, పని మరోచోట

అమెరికాలో ఓ మోస్తరు హైస్కూలుకు వెళితే లెక్కల టీచర్లు ఐదారుగురు కనిపిస్తారు. ఇంగ్లిష్ చెప్పేవారూ అంతే. ‘ఫ్యామిలీ అండ్ కన్స్యూమర్ సైన్సెస్’ చెప్పే టీచరు మాత్రం చాలాచోట్ల ఒక్కరే ఉంటారు. ఒకప్పుడు హోమ్ ఎకనామిక్స్ అన్న సబ్జెక్టే ఇది. పోషకాహారం, వంట, కుట్టుపని, శిశు వికాసం, ఇంటి బడ్జెట్, అప్పుల లెక్క, కుటుంబ సంబంధాలు అన్నీ ఆమే చెప్పాలి. (ఆమె అనడం ఊరికే కాదు, నేటికీ ఈ రంగంలో అత్యధికులు మహిళలే.) ప్రాక్టికల్ ఉందంటే ముందురోజే సరుకులు తెచ్చుకోవాలి. ఏ పొయ్యి సరిగా వెలగడం లేదో చూసుకోవాలి. ఏ పిల్లవాడికి వేరుసెనగ పడదో గుర్తుంచుకోవాలి. సందేహం వస్తే అడగడానికి పక్క గదిలో ఎవరూ ఉండరు. ఆమెకు స్టాఫ్‌రూమ్ అంటూ ఏదైనా ఉంటే అది ఆమె వృత్తి సంఘమే.

టీచర్ల సంఘం అనగానే మనకు పీఆర్సీ, డీఏ బకాయిలు, బదిలీలు, ధర్నా చౌక్ గుర్తొస్తాయి. అమెరికాలో ఆ పని యూనియన్లది. సబ్జెక్టు సంఘాల దారి వేరు. బడిలో ఆ సబ్జెక్టు ఉండాలి, దాన్ని చెప్పే అర్హత గల మనిషి దొరకాలి, ఆ మనిషి పాఠం పాతబడకూడదు. ఈ మూడింటి కోసమే వాటి తాపత్రయం. జీతం పెంచుతామనే సంఘానికి సభ్యులు వెతుక్కుంటూ వస్తారు. సబ్జెక్టును బతికిస్తామనే సంఘం సభ్యులను తానే వెతుక్కోవాలి. ఎందుకంటే సబ్జెక్టు బతికితే చందా కట్టినవారికీ కట్టనివారికీ కలిగే లాభం ఒక్కటే. ఈ సంఘాలను నడపడంలో ఉన్న కష్టమంతా ఇక్కడే ముడిపడి ఉంది.

మొదట్లో ఈ చిక్కు లేదు. 1899లో న్యూయార్క్ రాష్ట్రంలోని లేక్ ప్లాసిడ్‌లో పట్టుమని పదకొండు మంది సమావేశమై, ఇంటి నిర్వహణను శాస్త్రంగా చదివించడం ఎలాగని చర్చించారు. గ్రంథాలయాల్లో పుస్తకాలకు దశాంశ వర్గీకరణ తెచ్చిన మెల్విల్ డ్యూయీ, ఆయన భార్య ఆనీ వారికి ఆతిథ్యమిచ్చారు. పెద్దదిక్కు ఎలెన్ స్వాలో రిచర్డ్స్. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చేరిన తొలి మహిళ ఆమె. 1873లో అక్కడ పట్టా పుచ్చుకుని, ఆ రాష్ట్రపు తాగునీటి పరీక్షల్లో ఏళ్ల తరబడి పనిచేసిన రసాయన శాస్త్రవేత్త. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో ‘రమ్‌ఫర్డ్ కిచెన్’ పేరుతో భోజనం వడ్డించి, ఏ వంటకంలో ఏ పోషకం ఎంతుందో జనానికి చూపించిందీ ఆమె బృందమే. ఏటా కలుస్తూ కలుస్తూ చివరికి 1909 తొలి రోజుల్లో వాషింగ్టన్‌లో అమెరికన్ హోమ్ ఎకనామిక్స్ అసోసియేషన్‌ను స్థాపించారు. రిచర్డ్స్ తొలి అధ్యక్షురాలు. అదే ఏడాది సంఘం పత్రిక కూడా వెలువడింది. పదేళ్లు మాట్లాడుకున్నాకే రిజిస్టరు తెరిచారన్నమాట. మన దగ్గర లెటర్‌హెడ్ ముందు అచ్చవుతుంది, సభ్యులు తర్వాత దొరుకుతారు.

సంఘాన్ని పెంచింది మాత్రం రిచర్డ్స్ ప్రతిభ కాదు, చట్టం. 1914లో వచ్చిన స్మిత్–లీవర్ చట్టం పల్లెల్లో విస్తరణ సేవలకు ఫెడరల్ నిధులిచ్చింది. దాంతో రైతు పొలానికి ఒక అధికారి వెళితే, ఇంటికి మరో అధికారిణి వెళ్లడం మొదలైంది. 1917 నాటి స్మిత్–హ్యూస్ చట్టం బడుల్లో వృత్తి విద్య చెప్పే టీచర్ల జీతాలకు డబ్బిచ్చింది. అక్కడా చిన్నచూపు తప్పలేదు. పారిశ్రామిక వృత్తులకు, గృహశాస్త్రానికి కలిపి ఇచ్చిన జీతాల పద్దులో గృహశాస్త్రానికి 20 శాతం మించకూడదని షరతు పెట్టారు. అయినా ఆ కొద్దిపాటి వాటాతోనే రాష్ట్రాల్లో పోస్టులు పుట్టాయి. పోస్టుల కోసం శిక్షణ కళాశాలలు, అక్కడ చదివినవారితో సంఘానికి సభ్యులు వచ్చారు. 1923లో వ్యవసాయ శాఖలో గృహశాస్త్రానికి ప్రత్యేక బ్యూరో కూడా ఏర్పడింది. చదువు, ఉద్యోగం, సంఘం మూడూ ఒకే కాలువ నీటితో పారాయి.

ఆ కాలువ తర్వాత ఎండుతూ వచ్చింది. 1963 వృత్తి విద్యా చట్టంతో సబ్జెక్టులవారీ కేటాయింపుల పట్టు సడలింది. 1990ల చివరికి ఈ సబ్జెక్టుకంటూ విడిగా ఉన్న ఫెడరల్ పద్దు లేకుండా పోయింది. నిర్ణయం రాష్ట్రానికి, అక్కడి నుంచి జిల్లాకు, ఆఖరుకు ప్రిన్సిపల్‌కు చేరింది. 2012 ప్రాంతంలో లెక్క తీస్తే మాధ్యమిక స్థాయిలో ఈ సబ్జెక్టు చదువుతున్నవారు సుమారు 34 లక్షలని తేలింది. పదేళ్లలో 38 శాతం తగ్గుదల! టీచర్లు 28 వేల లోపే.

ఇలాంటి సబ్జెక్టును ఎవరూ ఉత్తర్వు ఇచ్చి రద్దు చేయరు. టీచరు రిటైరవుతుంది. కొత్త టీచరు కోసం ప్రకటన ఇస్తారు. అర్హులు దొరకరు, ఎందుకంటే ఆ డిగ్రీ ఇచ్చే విశ్వవిద్యాలయాలు అప్పటికే తగ్గిపోయాయి. ఒక ఏడాది గదికి తాళం వేస్తారు. మరుసటి ఏడాది ఆరు పొయ్యిలు, ఆరు సింకులు పీకేసి కంప్యూటర్లు పెడతారు. గ్యాసు, నీటి పైపులు ఒకసారి తీసేశాక ఆ గది మళ్లీ వంటగది కావడం ఎంత ఖర్చో ఇల్లు కట్టినవారికి చెప్పనక్కర్లేదు. టీచరు లేక కోర్సు ఆగడం, కోర్సు లేక టీచర్ల శిక్షణ మూతపడటం ఒకదాన్నొకటి కిందికి లాగుతాయి. సంఘం పోరాడాల్సింది ఈ చప్పుడులేని తరుగుదలతో.

మరి దానికి డబ్బెక్కడిది? ప్రధానంగా సభ్యుల చందా, వార్షిక సమావేశపు ప్రవేశ రుసుము, పరీక్షల ఫీజులు, దాతల నిధులు. ఇందులో చందా అన్నిటికన్నా నమ్మకమైనదిగా కనిపిస్తుంది కానీ అన్నిటికన్నా పెళుసైనది కూడా. శాసనసభలో సాక్ష్యం చెప్పడం, రాష్ట్ర విద్యాశాఖ రాసే అర్హత నిబంధనల్లో ఒక వాక్యం కాపాడటం వంటి అసలు పని ఫలితం అందరికీ అందుతుంది. దాన్ని చూపించి చందా అడగలేరు. కాబట్టి సభ్యులకు మాత్రమే దక్కేవి చూపించాలి: పత్రిక, పాఠ ప్రణాళికలు, సమావేశంలో రాయితీ, అవార్డులు. కొన్నాళ్లకు కార్యవర్గం సమయమంతా ఈ తాయిలాలకే పోతుంది. చందా ఒకచోట నుంచి వస్తుంది, పని మరోచోట ఉంటుంది.

దీనికి తోడు సంఘాలు ఒకటి కాదు. ఇప్పుడు వర్జీనియాలోని అలెగ్జాండ్రియాలో ప్రధాన కార్యాలయమున్న అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ ఫ్యామిలీ అండ్ కన్స్యూమర్ సైన్సెస్ 1909 నాటి సంఘానికి వారసురాలు. వృత్తి విద్యా టీచర్ల పెద్ద సంఘంలో ఇదే సబ్జెక్టుకు వేరే విభాగం ఉంది. టీచర్లను తయారుచేసే ప్రొఫెసర్లకు ఒకటి, రాష్ట్ర అధికారులకు ఒకటి, విస్తరణ సిబ్బందికి మరొకటి. వీటికి తోడు రాష్ట్ర శాఖలు. ఒక్కోదానికీ పుట్టుకకు కారణం ఉంది, కాదనలేం. కానీ జీతం రాళ్లు లెక్కపెట్టుకునే టీచరు ఎన్ని చందాలు కడుతుంది? జాతీయ సంఘాన్ని వదిలి, మనుషులు తెలిసిన రాష్ట్ర శాఖలోనే ఉండిపోవాలనుకోవడం సహజం. జాతీయ సంఘం బలహీనపడేది ఇక్కడే.

సమావేశం సంగతి మరీ సున్నితం. హోటల్‌తో ఒప్పందం ఏడాది, రెండేళ్ల ముందే కుదుర్చుకోవాలి. ఇన్ని గదులు నింపుతామని మాటివ్వాలి. నింపకపోతే మిగిలినవాటికీ కొంత కట్టాలి. సంతకం పెట్టే అధ్యక్షురాలు ఒకరు, లోటు పూడ్చే అధ్యక్షురాలు మరొకరు, ఎందుకంటే ఈలోపు పదవీకాలం ముగుస్తుంది. ఇద్దరూ పగలు బడిలో పాఠం చెప్పి సాయంత్రం సంఘం పని చూసే స్వచ్ఛంద కార్యకర్తలే. జీతం తీసుకుని రోజువారీ వ్యవహారం నడిపే కార్యనిర్వాహక సంచాలకుల మాట చెల్లుబాటయ్యేది అందుకే. అది మంచిదా చెడ్డదా అంటే నా ఓటు మంచిదనే. ఏటా మారే కార్యవర్గం ఏ సంఘానికైనా నోరు కాగలదు, జ్ఞాపకం కాలేదు.

పేరు మార్పు కథ కూడా చెప్పుకోవాలి. 1971లో డెన్వర్‌లో జరిగిన సంఘం సమావేశానికి స్త్రీవాద రచయిత్రి రాబిన్ మోర్గన్‌ను పిలిస్తే, ఆమె వేదిక మీద నుంచే సభికులను శత్రుపక్షంగా సంబోధించారు. ఆడపిల్లలను వంటింటికి కట్టేసే చదువన్నది ఆరోపణ. అది అన్యాయమని సభికుల్లో చాలామందికి అనిపించి ఉండొచ్చు. స్త్రీలకు విశ్వవిద్యాలయాల్లో ఆచార్య పదవులు దొరికిన కొద్ది చోట్లలో గృహశాస్త్ర విభాగాలు ముఖ్యమైనవి మరి. కానీ ఆ గాయం మానలేదు. 1993లో అరిజోనాలోని స్కాట్స్‌డేల్‌లో ప్రతినిధులు కూర్చుని కొత్త పేరు సిఫార్సు చేశారు, మరుసటి ఏడాది సంఘం పేరు మారింది. చర్చ లోతైనదే, శ్రమ నిజమైనదే. కానీ విద్యార్థుల సంఖ్య 38 శాతం పడిపోయింది పేరు మారిన తర్వాతి కాలంలోనే. పేరు వల్లే పడిందని కాదు, పేరు ఆపలేకపోయిందని. ఈ ముప్పై ఏళ్ల అనుభవంలో నాకు కొట్టొచ్చినట్లు కనిపించేది ఇదే.

సబ్జెక్టును నిలబెట్టినవి వేరే ఉన్నాయి. 1998లో జాతీయ ప్రమాణాలు రాశారు, 2008లో, 2018లో సవరించారు. రాష్ట్ర అధికారి సిలబస్ రాయడానికి కూర్చున్నప్పుడు బల్ల మీద సిద్ధంగా ఒక పత్రం ఉండాలి. లేకపోతే ఆయన పక్క సబ్జెక్టు పత్రం తెరుస్తారు. వృత్తి సర్టిఫికేషన్ పరీక్ష రెండోది. దాన్ని నిలుపుకోవాలంటే నిర్ణీత గంటల శిక్షణ చూపాలి కాబట్టి, టీచరు మళ్లీ మళ్లీ సంఘం గడప తొక్కుతుంది. అందరికీ అందే మేలును, సభ్యులు డబ్బిచ్చి కొనుక్కునే సేవను ఒకే తాడుతో కట్టిన తెలివైన ఏర్పాటు ఇదొక్కటే.

మూడోది విద్యార్థి సంఘం. 1945లో షికాగోలో ‘ఫ్యూచర్ హోమ్‌మేకర్స్ ఆఫ్ అమెరికా’గా మొదలైంది. వర్ణవివక్ష అమలైన రాష్ట్రాల నల్లజాతి విద్యార్థినులకు ‘న్యూ హోమ్‌మేకర్స్ ఆఫ్ అమెరికా’ పేరుతో వేరే సంఘం ఉండేది. 1965లో రెండూ కలిశాయి. 1999 నుంచి దాని పొట్టిపేరు ఎఫ్‌సీసీఎల్‌ఏ. వంట, ఫ్యాషన్ డిజైన్, పిల్లల పెంపకం, ఆర్థిక ప్రణాళిక వంటి అంశాల్లో జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయి పోటీలు పెడుతుంది. అక్కడ చదివే మన తెలుగు పిల్లలకూ ఈ పోటీలు అందుబాటులో ఉన్నవే. పోటీలో నెగ్గి మెడల్‌తో వచ్చిన పిల్ల తండ్రి స్కూల్ బోర్డు సమావేశానికి వెళ్లి ‘ఆ టీచరు పోస్టు తీయొద్దు’ అంటే వినేవారుంటారు. అదే మాట టీచరే అంటే స్వార్థంగా వినిపిస్తుంది.

ఇక లెక్కలు. పైన చెప్పిన 34 లక్షల అంకె ప్రభుత్వం ఏటేటా ప్రచురించేది కాదు. రాష్ట్రాలను అడిగి, పోగుచేసి, ఈ రంగపు వారే తేల్చింది. పత్రికలు, రేడియోలు ఆ అంకెను పట్టుకున్నాకే టీచర్ల కొరత బయటి ప్రపంచానికి కనిపించింది. కొత్తవారిని ఈ వృత్తిలోకి రమ్మంటూ ‘సే యెస్ టు ఎఫ్‌సీఎస్’ (ఎఫ్‌సీఎస్ అంటే ఈ సబ్జెక్టు ఇంగ్లిష్ పేరుకు పొట్టిరూపం) ప్రచారం కూడా ఆ ఊపులోనిదే. చందాలో కొంత భాగం ఏటా లెక్క తీయడానికి పక్కన పెట్టే సంఘం అవార్డుల విందు ఒకటి మానుకున్నా నష్టపోదు.

ఈ చదువు మన దగ్గరికి వచ్చిన దారిలోనూ ఆ సంఘం మనుషులున్నారు. పోషకాహారంలో పీహెచ్‌డీ పొందిన తొలి నల్లజాతి మహిళగా పేరొందిన ఫ్లెమీ కిట్రెల్ 1950లో బరోడా వచ్చి, హన్సా మెహతా ఉపకులపతిగా ఉన్న మహారాజా సయాజీరావ్ విశ్వవిద్యాలయంలో హోమ్ సైన్స్ విభాగం రూపుదిద్దడానికి తోడ్పడ్డారు. హోమ్ సైన్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా పుట్టుకా ఆ కాలపు ఉత్సాహంలోదే. 1964లో ఏర్పడ్డ ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయం అండగా నిలిచింది. పొలానికి, ఇంటికి కలిపి విస్తరణ అన్న ఆలోచన కృషి విజ్ఞాన కేంద్రాల్లో నేటికీ కనిపిస్తుంది. అక్కడి శాస్త్రవేత్తల్లో గృహవిజ్ఞాన నిపుణురాలికి ఒక స్థానం ఉంటుంది.

మనమూ పేరు మార్చాం. ఐదో డీన్ల కమిటీ సిఫార్సులతో వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో హోమ్ సైన్స్ డిగ్రీ కమ్యూనిటీ సైన్స్ అయింది. సైఫాబాద్‌లో, గుంటూరులో కళాశాలల బోర్డులు మారాయి. తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం హోమ్ సైన్స్ అనే అంటోంది. కాబట్టి ఒకే చదువు రెండు పేర్లతో నడుస్తోంది. శిశు అభివృద్ధి పథకం అధికారి, అంగన్‌వాడీ సూపర్‌వైజర్ వంటి పోస్టులకు ఇచ్చే నోటిఫికేషన్లలో అర్హతల వరుస ఉంటుంది. అందులో హోమ్ సైన్స్ పేరు పక్కన కమ్యూనిటీ సైన్స్ కూడా ఉందో లేదో, లేకపోతే తత్సమానమని సర్వీస్ కమిషన్‌కు రాతపూర్వకంగా తెలియజేసే బాధ్యత ఎవరిదో ముందే తేల్చుకోవాలి. ఆ పని ఒక విద్యార్థిని ఒంటరిగా దరఖాస్తు పట్టుకుని చేయలేదు, ఒక కళాశాల ప్రిన్సిపల్ రెండు రాష్ట్రాల కమిషన్ల చుట్టూ తిరగలేరు. ఇక్కడి సంఘం వచ్చే సదస్సుకు విషయం వెతుక్కునేముందు ఆ ఉత్తరం రాయొచ్చు.