కరెంటు తీగకు పంది ఎవరో మనిషి ఎవరో తెలియదు



మక్క కంకి పాలు పోసుకునే టైం వచ్చిందంటే మన ఊర్లలో తీగ చుట్టలు బయటికి వస్తాయి. చేను చుట్టూ కట్టెలు పాతి, మోకాలెత్తున తీగ లాగి, చీకటి పడగానే లైన్ మీద కొక్కెం వేస్తారు. పంది వస్తే చస్తది, చేను మిగులుతది అని లెక్క. ఆ తీగ తీసేయాలని చెప్పడానికే ఈ పోస్టు. తిట్టేవాళ్లు తిట్టండి, కానీ పూర్తిగా చదివి తిట్టండి.

పందుల బాధ నాకు తెలియక కాదు. మా నాయన చేసే రెండెకరాల పోడు మీదనే నా చదువు నడుస్తోంది. మా ఇంట్లో కాలేజీ దాకా వచ్చింది నేనే మొదలు. మంద ఒక్క రాత్రి దిగిందంటే తిన్నదానికంటే తొక్కింది ఎక్కువ ఉంటది. రాత్రంతా మంచె మీద కావలి కాసి, పగలు కూలికి పోయేవాళ్ల మధ్యే పెరిగాను. కాబట్టి "పట్నంలో కూర్చుని నీతులు చెప్తున్నాడు" అనకండి.

"నా చేను, నా హద్దు, లోపలికి వచ్చినోడిదే తప్పు" అని చాలామంది అంటారు. చట్టం అలా అనదు. ఆస్తిని కాపాడుకునే హక్కు మనకు ఉంది, నిజమే. కానీ దానికోసం ప్రాణం తీసేదాకా పోవచ్చని చెప్పే సందర్భాలు భారతీయ న్యాయ సంహిత 41వ సెక్షన్‌లో నాలుగే. ఒకటి, దోపిడీ. రెండు, పొద్దుగూకినాక, తెల్లారకముందు ఇంట్లోకి పగలగొట్టుకుని చొరబడడం. మూడు, మనుషులుండే ఇంటికో సామాను దాచే కొట్టానికో నిప్పు పెట్టడం, పేల్చడం. నాలుగు, దొంగతనమో ఇంట్లో చొరబాటో ఆపకపోతే చావో పెద్ద గాయమో తప్పదని నిజంగా భయపడాల్సిన పరిస్థితి. పాత ఐపీసీలో ఇది 103వ సెక్షన్. గట్టు దాటడం ఇందులో లేదు. నాలుగు కంకులు విరుచుకోవడం కూడా లేదు. ఆ నాలుగు సందర్భాల్లో కూడా అవసరానికి మించి హాని చేయకూడదని 37వ సెక్షన్ చెప్తోంది.

తీగ గురించే సుప్రీంకోర్టు 1963లో తేల్చి చెప్పింది. అది చెరుబిన్ గ్రెగరీ కేసు. బీహార్‌లో ఒకతను, పక్కింటివాళ్లు తన మరుగుదొడ్డి వాడుతున్నారని దారిలో రాగి తీగ కట్టి కరెంటు ఇచ్చాడు. పక్కింటి ఆవిడ చెయ్యి తగిలి చనిపోయింది. నా జాగాలోకి వచ్చింది కదా అని అతని వాదన. కోర్టు ఒప్పుకోలేదు. అడగకుండా లోపలికి వచ్చినంత మాత్రాన మనిషికి చట్టం రక్షణ పోదు, చేత్తో చేయకూడని హింస తీగ పెట్టి చేయించడం కూడా కుదరదు అని శిక్ష ఖాయం చేసింది. ఇవాళ అయితే నిర్లక్ష్యం కింద 5 ఏళ్ల దాకా, ప్రాణం పోతుందని తెలిసే పెట్టాడని తేలితే 105వ సెక్షన్ కింద 10 ఏళ్ల దాకా జైలు. పెద్దమనుషులు కూర్చుని డబ్బులిప్పించి మాఫీ చేసే కేసు కాదిది.

చట్టం పక్కన పెట్టినా, ఆ తీగకు చిక్కేది ఎవరు? తెల్లారకముందు ఇప్పపువ్వుకు పోయే అక్క. తప్పిపోయిన ఎద్దును వెతుక్కుంటూ పోయే తాత. రాత్రి చేనుకు నీళ్లు కట్టే పక్క రైతు. ఒక్కోసారి స్విచ్ తీయడం మర్చిపోయి పొద్దున్నే కలుపుకు దిగిన ఇంటి మనిషే. "ముందే ఊర్లో చెప్పాం" అంటారు. పక్క ఊరి నుంచి వచ్చే చుట్టానికి ఎవరు చెప్పారు? ఏడేళ్ల పిల్లగాడికి ఎవరు చెప్పారు?

ఇంకో మాట. ఇది మనల్ని మనం అడగాల్సింది. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో ఎర్రచందనం నరుకుతున్నారని 20 మంది తమిళ కూలీలను కాల్చి చంపారు. అందులో జవ్వాదు కొండల ఆదివాసీలు కూడా ఉన్నారు. పోలీసులు ఆత్మరక్షణ అన్నారు. దుంగకు మనిషి ప్రాణం వెలనా అని మనం అడిగాం. 2018లో కేరళ అట్టప్పాడిలో బియ్యం దొంగిలించాడని ఒక ఆదివాసీ యువకుణ్ణి కొట్టి చంపితే మన అందరి డీపీలు నల్లగా మారాయి. ఆస్తి పేరుతో చంపడం మొదలైతే ముందు పోయేది ఆస్తి లేనివాడి ప్రాణమే. ఆ సంగతి మనకంటే ఎవరికి ఎక్కువ తెలుసు? అడవి దగ్గర ఒక న్యాయం, మన చేను దగ్గర ఇంకో న్యాయం అంటే రేపు మన మాట ఎవరు వింటారు?

"మరి పంట పోతే అప్పు ఎవడు కడతాడు?" న్యాయమైన ప్రశ్నే. కానీ అడగాల్సింది ఫారెస్టు ఆఫీసును, ఐటీడీఏను. పక్కింటివాడి ప్రాణంతో దానికి జవాబు రాదు. సోలార్ ఫెన్సింగ్ ఉంది. అది ఆగి ఆగి ఝల్లుమనిపిస్తది, బెదరగొడుతది, సరిగ్గా బిగిస్తే చంపదు. ఖరీదైనదే, అందుకే సబ్సిడీ కావాలని అడగాలి. పది చేలకు కలిపి ఒకటి వేసుకోవచ్చు. గట్టు చుట్టూ ఆముదం, కుసుమ వేసుకోవచ్చు. వంతుల వారీగా మంచె కావలి మన తాతలు చేసిందే. అడవి జంతువుల వల్ల పోయిన పంటకు పరిహారం అడిగే దారి ఉంది. పట్టా లేని పోడు రైతుకు అది అందకపోతే, మనం పోరాడాల్సిన చోటు అదే.

మనకు పెసా ఉంది, గ్రామసభ ఉంది. వచ్చే గ్రామసభలో రెండు తీర్మానాలు పెట్టండి. ఒకటి, మా ఊర్లో చేనుకు కరెంటు తీగ పెట్టం. రెండు, సోలార్ ఫెన్సింగ్‌కు, పంట పరిహారానికి ఐటీడీఏకు ఊరంతా సంతకాలతో దరఖాస్తు. అర్జీ రాయడం రాకపోతే ఇక్కడ అడగండి, హాస్టల్లో మేం నలుగురం కూర్చుని రాసి పంపుతాం. ఇప్పటికే తీగ లాగి ఉన్నవాళ్లు మాత్రం గ్రామసభ దాకా ఆగొద్దు. ఈ రాత్రి కొక్కెం వేయకండి.

జై ఆదివాసీ.