లక్కపిడతల్లో ఉన్న మనిషి పాసుపుస్తకంలో లేదు

2025 జనవరి 26న ఢిల్లీ కవాతులో ఏటికొప్పాక బొమ్మల శకటం నడిచింది. మేమూ సంతోషించాం. వరాహ నది ఒడ్డునున్న ఆ ఊరు మన ప్రాంతంలో చెరుకు తోలిన రైతులందరికీ ఎరుకే.

అంకుడు కర్రతో చేసి లక్క అద్దిన ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కొయ్యబొమ్మల్లో ఆడపిల్లలు ఆడుకునే లక్కపిడతలు చూడండి. రోలు, రోకలి, తిరగలి, పొయ్యి, బిందె. రైతు ఇల్లంతా అరచేతిలో పడుతుంది. అవన్నీ ఇల్లాలి చేతి సామాన్లే. తెల్లారకముందే పేడ తీసి, పాలు పితికి, వంట చేసి, నాట్లకూ కలుపుకూ పోయేది ఆవిడే. జీడితోటలో నడుం వంచి పిక్కలు ఏరేదీ ఆవిడే.

ఇది మన ఒక్క చోటి సంగతి కాదు. 1858లో విన్‌స్లో హోమర్ అనే అమెరికా చిత్రకారుడు గీసిన బొమ్మను చెక్కమీద చెక్కి హార్పర్స్ వీక్లీ పత్రికలో అచ్చేశారు. అందులో ఆడా మగా కలిసి మొక్కజొన్న పొత్తులు ఒలుస్తుంటారు. బొమ్మ గీసేవాడికి కనపడిన ఆడమనిషి లెక్కలు రాసేవాడికి ఎందుకు కనపడదు?

2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో కమతాలు చేసేవారిలో మహిళలు నూటికి 14 మందే. పట్టాదారు పాసుపుస్తకం మగవాడి పేరున ఉంటే పంట రుణమూ అతనికే. అతను పోతే, పుస్తకం తన పేరుకు మారేదాకా ఆవిడ ఆఫీసుల చుట్టూ తిరగాలి. భూమి పట్టా లేకపోయినా సాగుచేసే స్త్రీని రైతుగా గుర్తించాలని స్వామినాథన్ గారు రాజ్యసభలో బిల్లు పెట్టారు. అది మురిగిపోయింది. ఐక్యరాజ్యసమితి మాత్రం 2026ను మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది.

ప్రభుత్వాన్ని అడిగే ముందు మన ఇళ్లలోకీ చూసుకోవాలి. ఆడపిల్లకు ఆస్తిలో సమాన వాటా మన రాష్ట్రంలో 1985 నుంచే ఉంది. దేశమంతటికీ 2005లో వచ్చింది. అయినా "కట్నం ఇచ్చేశాం కదా" అనే మాట మన సంఘం వాళ్ల నోటే విన్నాం. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

మన సభ్యత్వ పుస్తకం తీసి చూడండి, ఆడవాళ్ల పేర్లు ఎన్నున్నాయో. ఈసారి సభ్యత్వం రాసేటప్పుడు ఇంటికి రెండు పేర్లు రాద్దాం. రెండో రసీదు దండగ అనే అన్నదమ్ములు, వచ్చే నాట్ల రోజున మడిలోకి తామే దిగి చూడాలి.