జనవరిలో దొరికినోడే జూలైలోనూ దొరికితే?

ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్. 2015 నుంచి ఇదే సిల్‌సిలా. ఒకటి అంగ్రేజీ చిరునవ్వు, ఇంకోటి మన ఉర్దూ చిరునవ్వు. నల్గొండ అయినా మహబూబ్‌నగర్ అయినా, ఇంతమంది పిల్లల్ని కాపాడామని పోలీసులు గిన్తీ చెబుతారు. మా పత్రికలోళ్లం రాసుకుంటాం. మరునాడు జిల్లా పేజీలో అచ్చవుతుంది. కిస్సా ఖతం.

ఆ గిన్తీ మీదే నా ఏతరాజ్.

మహబూబ్‌నగర్ స్టేషన్ దగ్గర ఖాళీ సీసాలు ఏరుకునే పిల్లాడు ఒకడున్నాడనుకోండి. జనవరిలో పట్టుకున్నారు. ఖానూన్ ప్రకారం 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు నిలబెట్టారు. అమ్మీ వచ్చి అంగూఠా వేసి తీసుకెళ్లింది. ఇంట్లో హాలత్ ఏం మారింది? కిరాయి బాకీ అట్లనే ఉంది, అబ్బా వలస పోయిండు. మార్చికల్లా పిల్లాడు మళ్లీ స్టేషన్లోనే. జూలైలో మళ్లీ దొరికాడు. ఖాతాలో ఇద్దరు! అంటే పని నాకామ్ అయినకొద్దీ లెక్క పెరుగుతుందన్నమాట. వాపస్ వచ్చిన సరుకును ఏ దుకాణదారైనా రెండోసారి అమ్మకంలో రాసుకుంటాడా?

ఇది పోలీసుల మీద ఇల్జామ్ కాదు. ఇటుక బట్టీల నుంచి, హోటళ్ల నుంచి పిల్లల్ని బయటికి తెచ్చిన మెహనత్‌కు షుక్రియా. కానీ పట్టుకోవడం మొదటి రోజు పని. మిగతా 364 రోజుల హిసాబ్ ఎవరిస్తారు?

పెద్ద సంస్థలు ఇంకో తరాజు తెచ్చాయి. రూపాయి పెడితే సమాజానికి ఇన్ని రూపాయల ఫాయిదా అని దాతలకు రిపోర్టు ఇస్తారు. పిల్లాడు పెద్దయ్యాక ఎంత సంపాదిస్తాడన్నది అందులో ఒక రకమ్. పంక్చర్ షాపు సేఠ్ కూడా వాణ్ణి కమాయీతోనే తూచాడు కదా! రాత్రి ఖౌఫ్ లేకుండా పడుకోవడానికి ఏ ధర రాస్తారు?

సరిగ్గా తూచినోళ్లు మన పక్కనే ఉన్నారు. శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ 1991లో రంగారెడ్డి జిల్లా ఊళ్లలో ఈ పని మొదలుపెట్టింది, తర్వాత నల్గొండకూ వచ్చింది. బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్నది వాళ్ల ఉసూల్. బ్రిడ్జి క్యాంపుల్లో చదివించి, వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టారు. ఎందరిని పట్టుకున్నామని కాదు, ఊళ్లో బడి బయట ఇంకా ఎందరు మిగిలారన్నదే వాళ్ల గిన్తీ. అది తగ్గితే కామ్యాబీ, సున్నాకు చేరితే ఊరు గెలిచినట్టు. 2003లో ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది.

ఇక మన ఇంటి సంగతి. రంజాన్‌లో యతీమ్ పిల్లల ఫొటోలతో పాంప్లెట్లు వస్తాయి. ఎన్ని దుప్పట్లు, ఎన్ని ఇఫ్తార్ ప్యాకెట్లు పంచారో ఉంటుంది. జకాత్ ఇస్తాం, రసీదు జేబులో పెట్టుకుంటాం. పోయినేడు ఫొటోలోని పిల్లలు ఈయేడు ఏ జమాత్‌లో ఉన్నారని (మా ఉర్దూ మీడియంలో తరగతిని అట్లనే అంటారు) అడిగితే బద్‌గుమానీ అంటారు. కాదు సాబ్, అమానత్‌కు హిసాబ్ అడుగుతున్నాం.

పిల్లల పేర్లు ఎవరూ అడగొద్దు, అవి బయటికి రాకూడదు కూడా. నంబర్ చాలు. వచ్చే జనవరి లిస్టు చదివేటప్పుడు రెండు జిల్లాల ఎస్పీ సాబ్‌లు ఒక్క మాట చెబితే బాగుంటుంది: ఇందులో పోయిన జూలై పిల్లలు ఎందరు?